గుండీ వెనక పేరు

నా చిన్నప్పుడు మా నాయనమ్మ విజయవాడ రోడ్డు మీద ఆగిన ప్రతి బస్సునూ చూసేది. నల్లగొండ వైపు ఊరు వదిలి వచ్చి దిల్‌సుఖ్‌నగర్‌లో కిరాయికి దిగిన కుటుంబం మాది. అరుగు మీద కూర్చుంటే రోడ్డు కనిపించేది. బస్సు ఆగగానే ఆమె చెయ్యి ఆగేది. దిగినవాళ్లందరినీ చూసి మళ్లీ బియ్యంలో రాళ్లు ఏరుకునేది. ముఖంలో ఏ మార్పూ ఉండేది కాదు. దాన్ని ఎదురుచూపు అని కూడా అనలేను, అలవాటైపోయిన పని.

ఆమె చూసేది తన తమ్ముడి కోసం. నేను పుట్టకముందే, రెండో ప్రపంచ యుద్ధం నాడు, అతను సికింద్రాబాద్ పోయి బ్రిటిష్ సైన్యంలో లారీ డ్రైవరుగా చేరాడట. ఓడ ఎక్కాడని తెలిసింది. ఆ తర్వాత ఏమీ తెలియలేదు. చనిపోయాడని ఎవరూ చెప్పలేదు, బతికున్నాడనీ చెప్పలేదు.

ఏడాది పొడవునా ఇంట్లో ఎవరూ ఆ సంగతి ఎత్తేవారు కాదు. పెత్రమాస వచ్చిందంటే మాత్రం తప్పేది కాదు. ఆ అమావాస్య నాడు పోయిన పెద్దల పేర్లు ఒక్కొక్కటీ చెప్పి పంతులు అయ్యగారికి బియ్యం ఇస్తాం. అలా ఇస్తేనే వాళ్ల ఆకలి తీరుతుందని నమ్మకం. అతనికి పెళ్లి కాలేదు, తల్లిదండ్రులు లేరు. ఇస్తే మా నాయనమ్మే ఇవ్వాలి. కానీ బతికున్న మనిషి పేరు మీద ఇవ్వడం కంటే పాపం లేదు. అందుకని ఆమె ఇచ్చేది కాదు. ఇవ్వనందుకు ఆ రోజు తనూ అన్నం ముట్టేది కాదు.

పక్కింటి అవ్వ ఊరుకునేది కాదు. "ఏమే, గీ యేడన్న ఇస్తవా లేదా? నీ తమ్ముడు ఆకలికి తిరుగుతుండో ఏమో."

"రేపు వాడొచ్చి ముంగట నిలబడితే నువ్వే చెప్పాలె మరి, నీకు బియ్యం ఇచ్చేసినమని."

"వాడొస్తే నేనే కాళ్లు కడుగుత తియ్యి," అని అవ్వ మూతి తిప్పుకునేది.

ఒక ఏడు పెత్రమాసకు ముందురోజు మా తాత సికింద్రాబాద్ పోతున్నానని చెప్పి వెళ్లి, సాయంత్రానికి తిరిగొచ్చాడు. జేబులోంచి కాగితపు పొట్లం తీసి నాయనమ్మ ముందు పెట్టాడు. అందులో నల్లబడిన ఇత్తడి గుండీ ఒకటి. మిలిటరీ ఆఫీసులో ఇచ్చారనీ, ఆమె తమ్ముడి కోటుదనీ, మిగిలింది ఇదొక్కటేననీ చెప్పాడు.

ఆమె ముట్టుకోలేదు. "తోముకరా బిడ్డా," అని నాతో అంది.

చింతపండు, బూడిద పెట్టి తోమాను. గుండీ కొక్కేనికి పురికొస ముడి ఒకటి ఉంటే పళ్లతో కొరికి తీసేశాను. ముందువైపు ఒక సింహం, కొమ్మున్న గుర్రం, వాటి మధ్య పైన చిన్న కిరీటం తేలాయి. వెనకవైపు గుండ్రంగా ఇంగ్లీషు అక్షరాలు. బడిలో అప్పుడప్పుడే ఏబీసీడీలు నేర్చుకుంటున్నాను. సంబరంగా అరిచాను.

"నాయనమ్మా, ఎనక పేరున్నది!"

ఆమె అంత తొందరగా లేవడం నేనెప్పుడూ చూడలేదు. "వాని పేరా? చదువు."

"బీ... ఐ... ఆర్..." అక్షరాలు వచ్చాయి గానీ కలిపి చదవడం రాలేదు.

మా తాత గుండీని నా చేతిలోంచి తీసుకున్నాడు. "దాని మీద చేసినోళ్ల పేరుంటది. తొడుక్కున్నోని పేరు ఎవలు రాస్తరు? అది మనమే చెప్పాలె."

నాయనమ్మ వంగి గుండీ ముందువైపు చూసింది. ఏడుస్తుందనుకున్నాను. ఏడవలేదు. "గుర్రానికి కొమ్మేంది?" అని అడిగింది. మాలో ఎవరికీ తెలియదు. తర్వాత లోపలికి పోతూ, "రేపు చాటల ఇంకో సోలెడు పొయ్యుండ్రి," అంది.

మర్నాడు అయ్యగారి ముందు తమ్ముడి పేరు చెప్పింది. కొట్లో సామాను పేరు చెప్పినట్టు, మామూలుగా చెప్పింది. ఇంటికొచ్చి అన్నం తిన్నది. ఆ తర్వాత కూడా రోడ్డు మీద బస్సులు ఆగేవి. ఆమె చెయ్యి ఆగేది కాదు.

ఆ గుండీ చివరికి నాకు వచ్చింది. నా బడి ఏడో తరగతితో ఆగిపోయింది గానీ చదువు ఆగలేదు. నిఘంటువు పక్కన పెట్టుకుని ఇంగ్లీషు నేర్చుకున్నాను. ఇప్పుడు ఎల్‌బీ నగర్‌లో మెట్రో ఎక్కి గ్రంథాలయానికి వెళ్తాను. అక్కడందరూ ఉద్యోగ పరీక్షలకు చదివే పిల్లలే. "ఏ పరీక్ష రాస్తున్నవ్ అమ్మమ్మా?" అని ఒకడంటే, కోస్తా నుంచి వచ్చిన పిల్ల, "మామ్మగారు బొత్తాల మీద పీహెచ్‌డీ చేస్తన్నారు, కదపకు," అంటుంది. ఎగతాళి చేసినా ఆ పిల్లే తన ల్యాప్‌టాప్‌లో ఇంగ్లాండు పాత పుస్తకాలు తెరిచి ఇస్తుంది.

నేను చదవలేకపోయిన ఆ మాట ఇంగ్లాండులోని బర్మింగ్‌హామ్ అనే ఊరి పేరు. సైన్యానికి బ్యాడ్జీలు, గుండీలు చేసే కార్ఖానాలు ఆ ఊళ్లో బోలెడు. ఇత్తడి రేకును అచ్చుల మధ్య పెట్టి కొట్టేవాళ్లు. కంపెనీ పేరు మారినా, చిరునామా మారినా గుండీ వెనక ముద్ర మారేది. దాన్ని బట్టి అది ఏ కాలానిదో చెబుతారు. ఇదంతా ఎవరూ చెప్పకుండా నేర్చుకున్నందుకు నాకు గర్వంగానే ఉండేది.

కిరీటం సంగతి పోయిన ఏడు చదివాను. రాజుల కాలంలో దాని పైభాగం గుమ్మటంలా గుండ్రంగా ఉండేది. యుద్ధం ముగిసిన కొన్నేళ్లకు ఆ దేశానికి రాణి వచ్చింది. అప్పటి నుంచి నడుమ నొక్కుకుపోయినట్టుండే కిరీటం వేశారు. సంచిలోంచి గుండీ తీసి భూతద్దం పెట్టి చూశాను. మా గుండీ మీద కిరీటం నడుమ నొక్కుకుపోయి ఉంది.

అతను కనిపించకుండా పోయిన ఎన్నో ఏళ్లకు చేసిన గుండీ అది. అతని కోటుకు ఉండే వీలే లేదు. పురికొస ముడి గుర్తొచ్చింది. పాత బట్టల బజారులో కోటు గుండీలను దండలా పురికొసకు గుచ్చి అమ్మేవారు. మా తాత పోయింది అక్కడికి.

కోపం రాలేదు. ఏడుపూ రాలేదు. మెట్రో ఎక్కి ఇంటికొచ్చి పొయ్యి మీద పప్పు పెట్టాను. అతను పోయాడో లేదో మళ్లీ తెలియకుండా పోయిందని మాత్రం అనుకున్నాను. బతికుంటే నూరేళ్లు దాటి ఉంటాయి.

ఇప్పుడు మా ఇంట్లో పేర్లు చెప్పి బియ్యం ఇచ్చేది నేనే. మొన్న పెత్రమాసకు తాత పేరు చెప్పాను, నాయనమ్మ పేరు చెప్పాను. "ఇంకెవరమ్మా?" అన్నారు అయ్యగారు. చాటలో సోలెడు బియ్యం మిగిలి ఉంది. వాటిని దోసిట్లోకి తీసుకున్నాను. తర్వాత నాయనమ్మ తమ్ముడి పేరు చెప్పాను. ఆమె చెప్పినట్టే, మామూలుగా.

గుండీ నా దగ్గరే ఉంది. దాన్ని తొడుక్కున్నది ఎవరో ఏ పుస్తకమూ చెప్పదు. చేసినవాళ్ల పేరు ఇత్తడి మీద ఉంది, ఇప్పుడు తడబడకుండా చదవగలను. మా ఇంటి మనిషి పేరు ఉన్నది నా నోట్లోనే.