నాయన ముందే నవ్వాడు

మా ఇంట్లో కథ వినడానికి ఒక చట్టం ఉండేది. నలుగురమూ కూర్చుంటేనే టేప్‌రికార్డర్ బటన్ నొక్కాలి. ఆ చట్టం పెట్టింది నాయనే. ఆయన సత్యవేడులో ఎరువుల అంగడి నడిపేవాడు. సరుకు కోసం తిరుపతికి పోయినప్పుడు బస్టాండు దగ్గర నాలుగు క్యాసెట్ల పెట్టె ఒకటి కొనుక్కొచ్చాడు. పిల్లలకని ఎప్పుడో రాసిన పాత కథట. ఆయన చిన్నప్పుడు బడిలో అయ్యవారు చదివి వినిపించేవారట. సంతలో తల్లి నుంచి తప్పిపోయిన గాడిదపిల్ల, దానికి దారి చూపిస్తానని వెంటబడిన ఒక అబద్ధాల కాకి. కథ అంతే. చదివే ఆయన గొంతు మాత్రం అద్భుతం. కాకి మాట్లాడేటప్పుడల్లా ఆ గొంతుకు జలుబు చేసేది.

ఆదివారం మధ్యాహ్నం భోజనాలయ్యాక ఒక్క వైపే వినాలి. రెండో వైపు తిప్పమని నేనూ అక్కా ఎంత గింజుకున్నా తిప్పేవాడు కాదు. ఒక ఆదివారం అమ్మ ఎవరిదో పెళ్ళికని ఊరెళితే ఆ వారం కథే లేదు. "మీయమ్మ లేకుండా ఎట్ల ఇంటారు? ఆమె మన మనిషి కాదా?" అన్నాడు. ఆ మాట నాకు ఎంత నచ్చిందో చెప్పలేను. నాకప్పుడు తొమ్మిదేళ్ళు. నాయన చెప్పాడంటే ఇక దానికి తిరుగు లేదనుకునేదాన్ని.

అయిదు వైపులు అయ్యాయి. ఆరో వైపు వినాల్సిన వారంలో నాకు అమ్మవారు పోసింది.

నాయన తల్లి, మా అవ్వ, ఊరి నుంచి వచ్చి ఇంటి పెత్తనమంతా చేతిలోకి తీసుకుంది. గుమ్మానికి వేపమండలు కట్టించింది. కూరలో తాళింపు మానేయించింది. టేప్‌రికార్డర్ మీద తువ్వాలు కప్పేసింది. "అమ్మవారు ఇంట్లో ఉండంగ పాటలూ కూతలూ ఏందిరా? పాపకు తలకు నీళ్ళు పోసినంక ఇనండి" అని నాయనకే చెప్పేసింది. అక్కకు అంటుకుంటుందని రెండు వీధుల అవతల పిన్నమ్మ ఇంటికి పంపారు.

నాకేం దిగులు వేయలేదు. పైగా గర్వంగా ఉండేది. నా కోసం కథ ఆగింది! గాడిదపిల్ల వాగు ఒడ్డునే నిలబడి ఉంది, కాకి నోరు మూసుకుని ఉంది, నాకు తగ్గేదాకా ఎవరూ అడుగు కదపరు. ఒళ్ళంతా దురద పెడుతుంటే అవ్వ వేపరెమ్మతో నిమిరేది. తరువాత ఏమవుతుందో నేను కల్పించి ఆమెకు చెప్పేదాన్ని. సాయంత్రమైతే అమ్మా నాయనా "అక్కను సూసొస్తాం" అని బయల్దేరేవాళ్ళు. అక్కను అడిగానని చెప్పమని నేనే చెప్పి పంపేదాన్ని.

మూడోసారి తలకు నీళ్ళు పోశాక అక్క ఇంటికొచ్చింది. ఆదివారం మధ్యాహ్నం తువ్వాలు తీశారు. కరెంటును నమ్మేది లేదని నాయన కొత్త బ్యాటరీలు వేశాడు. అమ్మ అంట్లు వదిలేసి వచ్చి కూర్చుంది.

ఆ వైపులో కాకి సున్నం తొట్టిలో పడుతుంది. "కాకి తొట్టిలోంచి బయటికొచ్చింది, రెక్కలు దులుపుకుంది" అని చదివే ఆయన కాస్త ఆగాడు. అక్కడ నాయన ఫక్కున నవ్వాడు. కాకి ఇంకా నోరే విప్పలేదు. చిన్నప్పుడు విన్నది గుర్తొచ్చిందేమోనని నేను నాయన మొహంలోకి చూశాను. అప్పుడు కాకి, "నేను కొంగల రాజును, దండం పెట్టండి" అంది. అక్క ఎవరో గిచ్చినట్టు పకపకా నవ్వింది. అమ్మ నాయన వైపు ఒక చూపు చూసింది. పరాయివాళ్ళ ముందు ఆయన నోరు జారినప్పుడు చూసే చూపు అది.

నాకు నవ్వు రాలేదు. కాసేపటికి అమ్మ చెంపకు చెయ్యి ఆనించుకుని, "అయ్యో, వాళ్ళమ్మ దొరకతాదో లేదో పాపం" అంది. ఎంత బాగా అందో!

సాయంత్రం పెరట్లో అక్కను పట్టుకున్నాను.

"మీరు ముందే ఇనేసినారు గదా?"

"లేదే."

"అమ్మ మీద ఒట్టు పెట్టు."

అక్క ఒట్టు పెట్టలేదు. "ఆడ ఒక్కదాన్నే ఉండలేనని ఏడ్సినాను. నాయన క్యాసెట్లు తెచ్చి పిన్నమ్మోళ్ళ టేపులో పెట్టినాడు. నువ్వు బాధపడతావు, చెప్పొద్దన్నారు."

"అంతా ఇనేసినారా?"

"రెండుసార్లు" అంది, నేల చూపులు చూస్తూ.

విన్నందుకు క్షమించేదాన్నేమో. అక్క ఏడ్చింది, ఆమెను ఊరుకోబెట్టారు, సరే. కానీ పాప లేకుండా ఎట్ల ఇంటాం అని ఆ ఇంట్లో ఒక్కరి నోటా రాలేదా? పైగా ఇంటికొచ్చి ముగ్గురూ ఏమీ తెలియనట్టు మొహాలు పెట్టుకుని నా ముందు కూర్చుంటారా? నేను వేపాకుల మధ్య పడుకుని అవ్వకు కథ కల్పించి చెబుతున్న ఆ సాయంత్రాలు తలచుకుంటే సిగ్గుతో ఒళ్ళు మండిపోయింది. నన్ను వెర్రిదాన్ని చేశారు. నా వాళ్ళే చేశారు.

నాకు తెలిసిందని ఎవరికైనా చెబితే నీతో మాట్లాడనని అక్కతో అన్నాను. ఆ తరువాతి రెండు ఆదివారాలూ బుద్ధిగా వచ్చి కూర్చున్నాను.

చివరి వైపులో కాకి మొదటిసారి నిజం చెబుతుంది. సంతలో ఎవరూ దాన్ని నమ్మరు, గాడిదపిల్ల ఒక్కటే నమ్మి పరిగెత్తుతుంది. తల్లి గొంతు వినబడుతుంది. అంత చక్కటి ముగింపు నేను మళ్ళీ ఏ కథలోనూ వినలేదు. తలెత్తి చూస్తే ముగ్గురూ నన్నే చూస్తున్నారు. నాయన పెదవులు టేపులోని మాటలతోపాటు కదులుతున్నాయి. నా మొహం ఎప్పుడు వెలుగుతుందా అని ఆయన కాచుకుని ఉన్నాడు. ఆ సంగతి నాకు బాగా తెలుసు. నాలుక కొరుక్కుని, గోడమీది క్యాలెండర్ వైపు చూస్తూ కూర్చున్నాను.

బటన్ టక్కుమని పైకి లేచింది.

"ఏం పాపా, ఎట్లుండాది?" నాయన ముందుకు వంగి అడిగాడు.

"ఏమంత బాగలేదు."

"బాగలేదా? వాళ్ళమ్మ దొరికింది గదా!"

"దొరికితే ఏం? నాకు నిద్రొచ్చింది" అన్నాను.

ఆయన మొహం వాడిపోయింది. నాకు కావలసింది అదే. కళ్ళారా చూశాను. నాయన క్యాసెట్ తీసి పెట్టెలో పెట్టాడు.

ఆ తరువాత ఆయన తిరుపతికి ఎన్నోసార్లు పోయాడు. గాజులు తెచ్చాడు, మిఠాయి తెచ్చాడు, ఒకసారి నాకని గొడుగు కూడా తెచ్చాడు. కథల క్యాసెట్ మాత్రం మళ్ళీ తేలేదు. "మా చిన్నపాపకు కథలంటే పడదప్పా" అని ఇంటికొచ్చిన వాళ్ళందరితో చెప్పేవాడు. నేను పక్కనే ఉండేదాన్ని. ఒక్కసారి కూడా కాదనలేదు.