ఆపరేటర్ బాబాయ్ నేర్పిన గీతలు

ఆ రోజుల్లో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం దొరికినవాడికి లోకంలో చేతకాని పని ఉండదని మేం గట్టిగా నమ్మేవాళ్లం. సింగపూరులో, ఆంగ్ మో కియో అనే పేటలో ఒక ఫ్లాటు తీసుకుని ముగ్గురం బ్రహ్మచారులం ఉండేవాళ్లం. ఒక శనివారం నేనూ, మా రూమ్మేటు భోజనం (అసలు పేరు వేరే ఉంది గానీ, ఏ సంగతి మొదలుపెట్టినా తిప్పి తిప్పి అక్కడికే తెచ్చేవాడు) కలిసి ఒక ఇంగ్లీషు సినిమాకి వెళ్లాం. వెనకటికి వాళ్ల దేశంలో ఒకే టికెట్టు మీద రెండేసి ఆడిన చవకబారు సినిమాల మీద ప్రేమతో, ఇప్పటి దర్శకుడు పనిగట్టుకుని అలాగే తీశాడట. బొమ్మ నిండా గీతలు, మధ్యలో కాలినట్టు కనిపించే ఫిల్ము. జనం పడీ పడీ నవ్వుతుంటే నాకు జ్ఞానోదయమైంది. డబ్బు లేకుండా, ప్రతిభ లేకుండా తీసినా దాన్ని కళ అంటారన్నమాట. ఆ రెండూ లేకపోవడంలో మమ్మల్ని మించినవాళ్లు లేరు.

మర్నాడే తెలుగు సంఘం కార్యదర్శి అంకుల్ దగ్గరికి వెళ్లి, వార్షికోత్సవంలో రెండు సినిమాలు మేమే తీసి వేస్తామని మాటిచ్చేశాను. ఒకటి ‘పదో అంతస్తు పాము’, రెండోది ‘ముసుగు మరదలు’. రెండింటికీ కలిపి నలభై నిమిషాలు. అంకుల్ కళ్లద్దాలు తుడుచుకుని, “మీ కోసం రెండు పిల్లల డాన్సులు తీసేస్తున్నానయ్యా. ఆ తల్లులకి నేను జవాబు చెప్పుకోవాలి. పరువు తియ్యకు” అన్నారు. నాకు దర్శకత్వం తప్ప ఇంకేమీ వినిపించలేదు. కెమెరా ఉన్నందువల్ల మూడో రూమ్మేటు కెమెరామన్ అయ్యాడు. భోజనం రెండింటిలోనూ విలను, ఒకే చొక్కాలో. విశ్వవిద్యాలయంలో పరిశోధన చేస్తున్న డాక్టరమ్మ (అప్పటికింకా కాలేదు, మేమే ముందుగా పట్టా ఇచ్చేశాం) పాము, మరదలు రెండూ తనే. పగబట్టిన పాము మా బ్లాకులో పదో అంతస్తుకి పాకలేక లిఫ్టులో వస్తుంది. లిఫ్టులో ఉన్న చైనా ముసలావిడ ఆ పాము వేషాన్ని ఎగాదిగా చూసి, పక్కకి జరిగి చోటిచ్చింది. మా సినిమా మొత్తంలో బాగా నటించింది ఆవిడే.

ఇక గీతలు పెట్టే పని. వారం రోజులు ఆఫీసు పని మానేసి మరీ కంప్యూటరులో గీతలు గీశాను. ఆదివారం లిటిల్ ఇండియాలో మెస్సుకి ల్యాప్‌టాప్ పట్టుకెళ్లి భోజనానికి చూపిస్తుంటే, ఎదురుగా మజ్జిగన్నం తింటున్న ఒకాయన మెడ సాచి చూశాడు. నలభై అయిదేళ్లుంటాయి. షిప్‌యార్డు పనివాడని చొక్కా చెబుతోంది.

“ఏవండీ, ప్రింటు ఎక్కడిదండీ?”

“మేం తీసిందే. కొత్తది.”

“మరి గీతలేంటండీ?”

“మేమే పెట్టాం.”

ఆయన చెయ్యి కంచంలో ఆగిపోయింది. “తుని పక్కన టూరింగ్ టాకీసులో ఇరవయ్యేళ్లు ఆపరేటరుగా చేశానండి. ఒక్క గీత పడితే ఏడు తరాల్ని తిట్టేవారండి. తమరు కోరి పెట్టుకున్నారా?” అని కాసేపు ఊరుకుని, ఇక ఉండబట్టలేక, “పోనీ పెట్టారు, సరిగ్గా అన్నా పెట్టండి. గీతలు అడ్డంగా పడవు బాబూ. ఫిల్ము కిందికి పోతుంది కదండీ, నిలువునా పడతాయి. ఆయ్” అన్నాడు. ఇంజనీరింగు చదివిన ఇద్దరం తలలు వంచుకున్నాం.

ఆ తరవాత మూడు ఆదివారాలు ఆపరేటర్ బాబాయ్ మా ఫ్లాటుకి వచ్చి పాఠాలు చెప్పాడు. బొమ్మ ఎలా ఎగరాలి, గొంతు ఎలా సాగాలి, ఫిల్ము ఆగిపోతే మధ్యలో మొదలై అంచులకి ఎలా కాలుతుంది, అన్నీ. తన హాల్లో ఒకటే మిషను, రీలు మార్చాలంటే బొమ్మ ఆపాల్సిందే, కాబట్టి నాలుగు ఇంటర్వెల్లులు ఉండాల్సిందేనని పట్టుబట్టాడు. బతిమాలి ఒకదానికి ఒప్పించాను. అంతా బాగుందనుకుంటుండగా డాక్టరమ్మ ఫోను చేసింది. వాళ్ల ప్రొఫెసరు రమ్మన్నాడు, వేరే దేశంలో సదస్సు, రేపే ప్రయాణం. ‘మరదలు’ పూర్తయింది గానీ, ‘పాము’కి క్లైమాక్సు తియ్యలేదు. వార్షికోత్సవం ఇంకో వారం. డాన్సులు పోయిన ఆ ఇద్దరు తల్లులూ నా కళ్ల ముందు నిలబడ్డారు. నాకు అన్నం సయించలేదు. నా వంతు కూడా భోజనమే తిన్నాడు.

బాబాయ్ మాత్రం తొణకలేదు. “ఓసారి మాకూ ఆఖరి రీలు రాలేదండి. పక్కూరి హాలు నుంచి సైకిలు మీద రావాలి. పంచరయింది.”

“మరేం చేశారు?”

“ముందువారం సినిమా ఆఖరి రీలు పెట్లోనే ఉందండి. వేసేశాను. హీరో ఒకడే కదండీ.”

“జనం ఊరుకున్నారా?”

“ఒకాయన అడిగాడండి, విలను మొహం మారిందేంటని. మారువేషం అని చెప్పాను.”

మాకు ఆ ఇబ్బంది కూడా లేదు. విలనూ భోజనమే, చొక్కా కూడా అదే. ‘మరదలు’ క్లైమాక్సునే తెచ్చి ‘పాము’కి అతికించేశాం.

వార్షికోత్సవం రోజు టోవా పాయోలో సంఘం తీసుకున్న హాలు నిండింది. ముందు వరుసల్లో కుటుంబాలు, వెనక బాబాయ్‌తో వచ్చిన షిప్‌యార్డు స్నేహితులు ఇరవై మంది. బొమ్మ పడింది, గీతలు పడ్డాయి. ముందు వరుసలో ఒక పిల్లవాడు, “అంకుల్, స్పాయిల్ ఆల్రెడీ లా” అని, అక్కడి ఇంగ్లీషులో, బొమ్మ పాడైపోయిందని తేల్చేశాడు. కార్యదర్శి అంకుల్ కుర్చీలో కదిలారు. ఇంతలో పాము లిఫ్టు దిగే చోట బాబాయ్ నేర్పిన గొప్ప ఘట్టం వచ్చింది. బొమ్మ ఆగి మధ్యలోంచి కాలడం మొదలైంది. సంఘం ప్రొజెక్టరు తగలబడుతోందనుకుని అంకుల్ పరుగున వెళ్లి వైరు పీకేశారు.

హాలంతా చీకటి. ఆ ప్రొజెక్టరు ఒకసారి ఆరితే చల్లబడేదాకా వెలగదు. అప్పుడు వెనకనుంచి ఒక గొంతు హాయిగా లేచింది. “ఒరేయ్ ఆపరేటరూ, నిద్రపోయేవేంట్రా.” వెంటనే ఈలలు, చప్పట్లు. బాబాయ్‌కి ఇరవయ్యేళ్ల అలవాటు, తనకు తెలియకుండానే లేచి నిలబడి, “రెండు నిమిషాలండి, రీలు అతికిస్తున్నాం” అని కేకేశాడు. హాలు పగలబడి నవ్వింది. మేనేజర్లు, బ్యాంకు ఉద్యోగులు, వాళ్ల ఆవిడలు, అందరూ ఒక్కసారిగా నేల టికెట్టు వాళ్లయిపోయారు. అన్నింటికన్నా పొడుగాటి ఈల వైరు చేత్తో పట్టుకుని ఉన్న కార్యదర్శి అంకుల్‌ది. నాలుక మడిచి వేశారు, ఎన్నాళ్లనుంచి దాచుకున్నారో.

మళ్లీ బొమ్మ పడ్డాక ఇక తిరుగులేదు. రెండో సినిమా చివర అదే క్లైమాక్సు మళ్లీ వచ్చేసరికి, హాలు మొత్తం మరదలు కన్నా ముందే డైలాగు చెప్పింది. డాన్సు పోయిన తల్లుల్లో ఒకావిడ నా దగ్గరికి వచ్చి, “మా పాప డాన్సు కన్నా బాగుందని మాత్రం అనను బాబూ. కానీ ఇంత నవ్వి ఎన్నాళ్లయిందో” అంది. బస్టాపు దాకా బాబాయ్ నాతో నడిచాడు. తరవాత, “ఇరవయ్యేళ్లలో రీలు తెగినందుకు చప్పట్లు కొట్టడం ఇదే మొదలండి. లైట్లు వేశాక కొందరు నాతో చెయ్యి కూడా కలిపారు. ఆపరేటరు మొహం ఎవరూ చూడరు కదండీ మామూలుగా” అన్నాడు. నేను బస్సు వస్తోందన్నాను. రాలేదు.

ఆ సినిమాలున్న డిస్కు ఇప్పటికీ నా దగ్గర ఉంది. ఆ మధ్య మా అమ్మాయికి చూపిద్దామని పెడితే, సరిగ్గా పాము లిఫ్టు దిగే చోట ఆగిపోయింది. తీసి చూస్తే ఒక గీత. ఈసారి మేం పెట్టింది కాదు, నిజంది, అడ్డంగా పడింది. (బాబాయ్ ఒప్పుకోడు.) “నాన్నా, పాడైంది, తీసెయ్” అంది మా అమ్మాయి. నేను తియ్యలేదు. ఆగిపోయిన బొమ్మ ముందు కూర్చుని, “రెండు నిమిషాలండి” అన్నాను. తను లేచి లోపలికి వెళ్లిపోయింది. ఎవరూ లేరు కదా అని నాలుక మడిచి ఈల వేశాను. గాలి తప్ప ఏమీ రాలేదు. అయినా చాలాసేపు ప్రయత్నిస్తూనే ఉన్నాను.