మా అవ్వ మొరపెట్టుకున్న కలెక్టర్

నా చిన్నప్పుడు, తెలంగాణ కోసం విద్యార్థులు మొదటిసారి రోడ్డెక్కిన ఏడాది, మా జనగామలో బడి మూసేశారు. కొన్నాళ్లకు మళ్లీ తెరిచారట. ఆ సంగతి నాకెవరూ చెప్పలేదని ఇప్పటికీ వాదిస్తుంటాను.

అంతకుముందు బడిలో ఏ నాటకం వేసినా దొంగ, తాగుబోతు, నౌకరు వేషాలు నావే. ఇంట్లో మాట్లాడినట్టు మాట్లాడితే చాలు, జనం పడీపడీ నవ్వేవారు. సినిమాల్లోనూ మా మాట వినిపించిందంటే వచ్చేది దొంగో జోకరో అయ్యేవాడు. అదంతా నా గొప్పే అనుకునేవాణ్ణి.

కాలేజీలు మూతపడేసరికి వరంగల్‌లో చదివే పక్కింటి అక్క ఊరికొచ్చింది. కిరాణా సేటు కూతురు. వాళ్ల బాపు వద్దంటున్నా వినకుండా పిల్లల్ని పోగేసి, వారపు అంగడి రోజున ఆడాలని ఒక నాటకం రాసింది. చివర్లో మన ప్రాంతం వాడే కలెక్టరై వచ్చి జనం గోడు వింటాడు. ఆ వేషం నాకిచ్చింది. అందరూ నవ్వారు. అందరికంటే గట్టిగా నేనే నవ్వాను. అక్క మాత్రం నవ్వలేదు.

సేటు గోదాములో బియ్యం బస్తాల మధ్య కుర్చీ వేసి రిహార్సల్ పెట్టారు. నేను కుర్చీ ఎక్కగానే రేడియో మింగినవాడిలా "మీ విన్నపం పరిశీలించబడుతుంది" అని మొదలుపెట్టాను. మనలాగా మాట్లాడమని అక్క ఎంత చెప్పినా నా నోరు తిరగలేదు.

"కలెక్టర్ గిట్ల మాట్లాడితే ఎవలు నమ్ముతరక్కా? నవ్వుతరు. నాటకమంత ఖరాబైతది" అన్నాను. అది వేళాకోళం కాదు, నిజమైన భయం. మా మాట మాట్లాడే కలెక్టర్‌ను నేనెక్కడ చూశాను గనక?

అక్క మర్నాడు మా అవ్వను వెంటబెట్టుకొచ్చి, బాయిలో నీళ్లెండిన సంగతి ఈ సారుకు చెప్పుకోమంది. అవ్వ చేతులు జోడించి చెప్పుకుంది. నేను యథాప్రకారం పరిశీలించబడుతుందన్నాను. అవ్వ నన్ను ఎగాదిగా చూసింది.

"గీ సారుకు మన గోస తెల్వది బిడ్డా. పోదాం పా" అని అక్కతో అని, వెనక్కి తిరిగింది.

నన్ను ఎత్తుకు పెంచిన మనిషి, ఎవరో పరాయివాడి ముందు నుంచి వెళ్లినట్టు వెళ్లిపోతోంది. కుర్చీలోంచి దూకి, "అవ్వా, ఆగే! బాయి ఎప్పుడెండింది? జర కూసొని చెప్పు" అన్నాను.

అవ్వ తిరిగొచ్చి కూర్చుంది. అక్క కళ్లలో నీళ్లు. హాస్టల్లో తన యాస విని ఎవరైనా నవ్వుతారేమోనని ఏడాదంతా నోరు తెరవకుండా గడిపానని అప్పుడు చెప్పింది. నినాదాలిచ్చే అక్కకూ నాకున్న భయమే ఉందని ఆ రోజే తెలిసింది. నాకు నేర్పుతూ తానూ నేర్చుకుంటోంది.

అంగడి రోజు నేను నోరు తెరవగానే అలవాటు కొద్దీ ఎవరో కిసుక్కుమన్నారు. నేను ఆగలేదు. కాసేపటికి నవ్వు సద్దుమణిగింది. నాటకం ఇంకా నడుస్తుండగానే నర్మెట్ట నుంచి వచ్చిన ఒక పెద్దాయన ముందుకొచ్చి, "సారూ, మా ఊరి తొవ్వ మీది గుంతల సంగతి గూడ రాసుకోన్రి" అన్నాడు.

తర్వాత మానుకోట దాకా ఎన్ని ఊళ్లు తిరిగామో! రాష్ట్రం వచ్చేసరికి నా జుట్టు నెరిసింది. కానీ ఆ గోదాము నుంచి ఇవాళ్టి వరకు ఏ ఆఫీసు గడప తొక్కినా, ఎంత పెద్ద కుర్చీ ముందు నిలబడినా, నేను మాట మార్చలేదు. ఆ ధైర్యం అక్క పెట్టిన భిక్ష.

ఆ అంగడి రోజు నాటకమైపోయాక ఇంటికెళ్లి, మంచం మీద కాలు మీద కాలేసుకుని, "ఎట్లున్నడే అవ్వా నీ కలెక్టర్?" అని అడిగాను.

"మంచిగున్నడు. బర్రె అరుస్తున్నది కలెక్టర్ సారూ, జర లేసి గడ్డెయ్యున్రి" అంది.