పేర్లు కొట్టించిన ప్లేట్లు

మా ఆలూరు వైపు పల్లెల నుంచి మిరపకాయల కోతకు గుంటూరు పోయే కూలీల పిల్లలు బడి మానకూడదని, బళ్లోనే ఉంచుకుని అన్నం పెట్టడానికి ప్రభుత్వం వాళ్లు డబ్బిస్తారు. ఈసారి ఆ డబ్బు వింతగా సమయానికే వచ్చింది. ఆలస్యం చేసింది నేను. పిల్లలు ఇది తమదే అనుకోవాలని కొత్త స్టీలు ప్లేట్ల మీద ఇరవై మంది పేర్లూ కొట్టించమన్నాను. అవి వచ్చాకే హాస్టల్ తెరుద్దామని హెడ్మాస్టరు దగ్గర పట్టుబట్టాను. దుకాణంలో వారం పట్టింది.

ఈ రోజు పొద్దున ప్లేట్లు దించుకుంటుంటే నాలుగో తరగతి హుసేనమ్మ వాళ్ల అవ్వ గేటు దగ్గర కనిపించింది. పాపను పంపమన్నాను.

"యాడుండాది సార్? నిన్న ఆదివారం వాళ్లమ్మానాయనతో లారీ ఎక్కె. ఈడ నేనేం పెట్టేది?"

మనవరాలి పేరున్న ప్లేటు చేతికిచ్చాను. చదవడం రాని ఆ అవ్వ అక్షరాలను వేలితో తడిమి చూసుకుంది.

"శానా బాగుండాది సార్. అయినా ప్లేటు మా ఇంట్లో లేదా? బువ్వ పెడతామని ముందే చెప్పింటే, మా ప్లేటే పట్టుకోని వస్తుండె."

కోపంగా కూడా అనలేదు. ప్లేటు తిరిగి నా చేతిలో పెట్టి వెళ్లిపోయింది.

సాయంత్రానికి తేలింది, పదమూడు మంది వెళ్లిపోయారు. పేర్లలో మాత్రం ఒక్క అక్షరం తప్పు పోలేదు. మీలో టీచర్లు ఎవరైనా ఉంటే చెప్పండి, వాళ్లు ఉగాదికి తిరిగొచ్చేదాకా ఆ పదమూడు ప్లేట్లను నా కంట పడకుండా ఎక్కడ పెట్టుకోను?