శామియానా కిందికి వచ్చిన మా పెద్దసారు

మొన్న ఛత్రినాకలో మా ఇంటి టీవీలో ఒక నాయకుడు పార్టీ మారి కొత్త కండువా కప్పించుకుంటుంటే, అటువాళ్లు ఇటొస్తే ఇంత సంబరమా తాతా అని మా మనవరాలు నవ్వింది. నాకు మాత్రం ఏ సంబరమూ లేకుండా అటునుంచి ఇటు వచ్చిన ఒక మనిషి గుర్తుకొచ్చారు.

ప్రత్యేక తెలంగాణ కోసం మొదటిసారి ఊరంతా అట్టుడికిన రోజులవి. నేను కొత్తగా గుమాస్తాగా చేరిన సర్కారు ఆఫీసులో మా పెద్దసారు కోస్తా నుంచి వచ్చినవారు, తెల్లని పంచె కట్టుకుని తలవంచుకుని పనిచేసుకునే మనిషి. మా కొలువులు బయటివాళ్లకు పోతున్నాయని మేమంతా పని మాని గేటు ముందు శామియానా కింద కూర్చుంటే, కోస్తావాళ్లు లోపల పనిచేస్తుండేవారు. ఒక ఉదయం ఆయన లేచి, మెట్లు దిగి, తిన్నగా వచ్చి మా మధ్య చాప మీద కూర్చున్నారు. నినాదాలు ఆగిపోయాయి. మాలో వయసులో పెద్దవాడైన చప్రాసీ, "మీరు మాతోని ఎందుకు సార్?" అని అడిగాడు.

"నా కుర్చీ మీవాడికి రావలసింది. తెలిశాక అందులో కూర్చోలేకపోయాను," అన్నారాయన.

ఆనాటి నుంచి సొంతవాళ్లకు ఆయన ద్రోహి. ఒకే ఇంట్లో ఉండే బావమరిది మాట్లాడటం మానేశాడు. మావాళ్లలోనూ కొందరికి ఆయన మీద అనుమానమే. అంతలో మలక్‌పేటలో కోస్తావాళ్ల ఇళ్ల మీద రాళ్లు పడ్డాయి, ఆయన ఇంటి మీదా పడ్డాయి, విసిరింది మావాళ్లే. ఇక రారనుకున్నాం. మర్నాడు తలకు కట్టుతో వచ్చి అదే చోట కూర్చున్నారు.

"గింత జరిగినంక గూడ వచ్చిన్రా సార్," అన్నాడు చప్రాసీ, మెల్లగా.

"రాళ్లు పడినంత మాత్రాన ఆ కుర్చీ నాదైపోతుందా?"

మనిషి అంత ఎత్తు ఎదగగలడని అంతవరకు నాకు తెలియదు. పక్క ఆఫీసులవాళ్లు కూడా వచ్చి ఆయన్ను చూసి పోయేవారు.

ఉద్యమం చల్లబడ్డాక ఆయన్ను కింది పదవికి దించి దూరపు జిల్లాకు పంపించారు. స్టేషన్లో సాగనంపింది మేమే, ఆయన సొంతవాళ్లు ఒక్కరూ రాలేదు. రిటైరై మళ్లీ మలక్‌పేటకే వచ్చారు, అక్కడే పోయారు.

తెలంగాణ వచ్చిన రోజు కాళ్లు నన్ను మలక్‌పేటలో ఆయన ఉండిన సందుకే తీసుకెళ్లాయి. ఆయన ఇల్లున్న చోట అపార్టుమెంటు లేచింది, కింద పడుచువాళ్లు రంగులు చల్లుకుంటున్నారు. ఇక్కడొక మహానుభావుడు ఉండేవారని చెబుదామనుకున్నాను. ఆయన ఎవరి మనిషి అని అడిగితే ఏం చెప్పాలో తోచలేదు. వాళ్లు నా బుగ్గలకూ గులాల్ పూశారు, నేను కాసేపు అక్కడే నిలబడ్డాను.