ఆషాఢంలో తాళం చెవి

మా చెల్లెలికి సర్కారు ఇల్లు వచ్చిన రోజున లాటరీ డ్రమ్ము తిప్పింది నేనేనని దిల్‌సుఖ్‌నగర్‌లో చాలామందికి చెప్పాను. పక్కనే నిలబడ్డ మంత్రిగారు "కానివ్వండి పెద్దాయనా" అని నా భుజం తట్టారని కూడా చెప్పాను. నిజానికి ఆ ఫంక్షన్ హాల్లో నేను చివరి వరుసలో, స్తంభం వెనక కూర్చున్నాను. వేదిక మీద అసలు డ్రమ్మే లేదు. కంప్యూటర్ ఉంది. ఎవరో మీట నొక్కారు, పేర్లు తెర మీద గబగబా పరుగెత్తాయి. మా చెల్లెలి పేరు ఎప్పుడు వచ్చిందో నేను చూడనే లేదు. ఆమె నా మోచేతి మీద గట్టిగా గిచ్చింది, అట్లా తెలిసింది. గిచ్చిన చోట వారం రోజులు కమిలి ఉందని చెబుతుంటాను. సాయంత్రానికే పోయింది.

నా నోరు ఇట్లా తయారవడానికి నా పని కారణం. దిల్‌సుఖ్‌నగర్‌లో ఒక చీరల దుకాణంలో అమ్మకాల దగ్గర కూర్చుని జీవితం గడిపాను. మాది పోచంపల్లి పక్కన ఊరు, మగ్గాల ఇల్లు. చీర నేసేవాడి పని నేసేవాడిది, దాన్ని పరుపు మీద పరిచి మాటలు చెప్పేవాడి పని వాడిది. "ఈ రంగు మళ్లీ రాదమ్మా" అని చెప్పీ చెప్పీ ఆ మాట నా ఊపిరిలో కలిసిపోయింది. ఆ రంగు వెనక గదిలో కట్టలు కట్టలుగా ఉండేది.

చెల్లె నాలాంటిది కాదు. ఆమె చీరలకు ఫాల్స్ కుట్టి బతికింది. భర్త పోయినప్పటి నుంచి చైతన్యపురిలో ఒక మేడ మీద రేకుల గదిలో కిరాయికి ఉంటోంది. ఇంటి ఓనరు ఆ బిల్డింగు మొత్తాన్ని ఆడపిల్లల హాస్టల్‌గా మార్చాలనుకున్నాడు. గది ఖాళీ చేయమని చెప్పేశాడు. సరిగ్గా అప్పుడే ఆమెకు డబుల్ బెడ్‌రూమ్ ఇల్లు వచ్చింది.

పెద్ద అంబర్‌పేట్ దాటాక, రింగ్ రోడ్డు కనబడే చోట ఉన్నాయి ఆ బ్లాకులు. ఆమెది మూడో అంతస్తు. తాళం చెవులు ఇచ్చిన రోజు నేనూ వెళ్లాను. తలుపు తీయగానే కొత్త సున్నం వాసన. చెల్లె ఒక్కో గదిలోకీ వెళ్లి గోడ మీద అరచెయ్యి ఆనించి చూసి వచ్చింది, జ్వరం చూసినట్టు. బాల్కనీలో నిలబడితే గాలి ఎంత జోరుగా వచ్చిందంటే నా టోపీ ఎగిరి హయత్‌నగర్ దాకా పోయింది. సరే, కింద సైకిలు మీద పడింది.

కార్పొరేషన్ నుంచి వచ్చిన ఆఫీసరమ్మ చిన్న వయసు పిల్ల. మైకు అవసరం లేని గొంతు. మెట్ల దగ్గర అందరినీ నిలబెట్టి షరతులు చెప్పింది. ఇంట్లో మీరే ఉండాలి. కిరాయికి ఇవ్వకూడదు, అమ్మకూడదు, తాళం వేసి ఉంచకూడదు. మేము వచ్చి చూస్తాం. రెండుసార్లు వచ్చినప్పుడూ మనుషులు ఉంటున్నట్టు కనబడకపోతే ఇల్లు వెనక్కి తీసుకుని, ఎదురుచూస్తున్న వాళ్లకు ఇచ్చేస్తాం. అందరం బుద్ధిగా తలలూపాం. ఆడవాళ్లు తాళం చెవులు కొంగున ముడేసుకున్నారు. మరునాడే ఆషాఢం మొదలైంది.

ఆషాఢంలో మనవాళ్లు కొత్త ఇంట్లో పాలు పొంగించరు. ఒక ఇంటివాళ్లు కాదు, మా బ్లాకు బ్లాకంతా శ్రావణం కోసం కూర్చుంది. ఎల్బీ నగర్‌లో కిరాయికి ఉన్నవాళ్లు అక్కడే, వనస్థలిపురంలో చుట్టాల ఇంట్లో సర్దుకున్నవాళ్లు అక్కడే. ఈ సంగతి కార్పొరేషన్‌కు ఎవరూ చెప్పలేదు. అందరికీ తెలిసిందే కదా, వాళ్లకూ తెలిసే ఉంటుందిలే అనుకున్నాం. ఆఫీసరమ్మ మొదటిసారి తనిఖీకి వచ్చినప్పుడు ఒక్క తలుపూ తెరిచి లేదు. కుక్క కూడా కనబడలేదని నేను చెబుతుంటాను. కుక్క ఉంది, మెట్ల కింద పడుకుని ఉంది. తలుపు తలుపుకీ నోటీసు అంటించి వెళ్లిపోయింది.

ఇంకొక్కసారి వస్తే అయిపోతుంది. ఆ ఒక్కసారి ఆదివారం అని తెలిసింది. మామూలు రోజుల్లో వస్తే పనికి పోయామంటారని, సెలవు రోజునే పెట్టుకున్నారట. బ్లాకువాళ్ల వాట్సాప్ గ్రూపులో ఆ మాట పడగానే నా ఫోను ఆగకుండా మోగింది. నాకు మాత్రం ఒళ్లంతా హుషారు వచ్చింది. దుకాణంలో దసరా ముందు రోజులు గుర్తొచ్చాయి. పరుగున చైతన్యపురి వెళ్లాను.

చెల్లె మిషను ముందు కూర్చుని ఉంది. ఎదురింటి ఫ్లాటు వచ్చిన గుంటూరు వైపు ఆవిడ కూడా అక్కడే ఉంది. ఆమె భర్త ఎల్బీ నగర్‌లో ట్రాలీ ఆటో నడుపుతాడు. నా ఉపాయం చెప్పాను. చాప, చెప్పులు, గిన్నెలు, దండెం మీద బట్టలు పెడితే చాలు, ఆ ఇల్లు తాతల నాటి నుంచీ కాపురమున్న ఇల్లులా కనబడేట్టు చేస్తానన్నాను.

చెల్లె దారం తెంపి నా వైపు చూసింది.

"నా ఇంట్ల నేను దొంగ కాపురం చెయ్యాల్నా అన్నా?"

"దొంగ కాపురం కాదే, జర ముందుగాల చేసే కాపురం."

"పొయ్యి ముట్టియ్యకుంటే అది కాపురం ఎట్లయితది? ఆషాఢంల ముట్టియ్య. నీకు ఎరికే గద."

నాకు తెలుసు. పెళ్లయిన కొత్తలో వాళ్లిద్దరూ ఆషాఢంలోనే ఒక కిరాయి ఇంట్లో దిగారు. ఎవరెన్ని చెప్పినా ఆమె భర్త వినలేదు. ఆ ఏడు తిరగకుండానే ఆయన పోయాడు. దానికీ దీనికీ సంబంధం లేదని డాక్టరు చెప్పాడు, నేనూ చెప్పాను. ఆమె మాత్రం ఆ పొయ్యి ముట్టించిన చెయ్యి తనదేనని అనుకుంటూనే ఉంది.

గుంటూరు ఆవిడ కూడా ఆమె వైపే మాట్లాడింది. మా అత్తగారు వింటే ఊరుకోరండీ, ఇల్లు పోయినా పరవాలేదు గానీ ఆషాఢంలో మాత్రం వద్దంటారు అంది. ఆ తరువాత, ఇల్లు పోతే ఎట్లాగండీ మరి అని తనే కళ్లు తుడుచుకుంది.

చెల్లె మళ్లీ మిషను తిప్పడం మొదలుపెట్టింది. ఒప్పుకోలేదని నాకు అర్థమైంది. ఇల్లు పోయేలా ఉందనీ అర్థమైంది. తాళం చెవి అడిగి తీసుకున్నాను.

ఆదివారం పొద్దున్నే వెళ్లాను. బ్లాకు పెళ్లివారి విడిదిలా ఉంది. జనం పరుపులు మోస్తున్నారు, ఒకాయన టీవీ డబ్బా పట్టుకుని మెట్లెక్కుతున్నాడు, డబ్బాలో టీవీ లేదు. నేను చాప పరిచాను, గుమ్మం ముందు మూడు జతల చెప్పులు పెట్టాను, వంటగదిలో పొయ్యి పెట్టాను. ఇక దండెం. దానికి పాత బట్టలు దొరక్క, మా దుకాణం ఓనరును బతిమాలి నాలుగు చీరలు తెచ్చాను. వాటిని కొంచెం తడిపి బాల్కనీలో ఆరేశాను. గాలికి అవి ఊగుతుంటే కాపురం కళ ఉట్టిపడింది. నన్ను నేనే మెచ్చుకున్నాను.

ఆఫీసరమ్మ చేతిలో ట్యాబ్‌తో వచ్చింది. నేను గుమ్మంలోనే ఎదురెళ్లి మొదలుపెట్టాను. తాళం చెవి ఇచ్చిన రోజు నుంచీ చెల్లె ఇక్కడే ఉందన్నాను. ఒక్కతే కాదు, ఎనిమిది మందిమి రోజూ ఇక్కడే తింటున్నామన్నాను. నేనైతే మా ఇంటి దారే మరిచిపోయానన్నాను. ఆమె అన్నీ విన్నది. వంటగదిలోకి వెళ్లి పొయ్యి వెనక్కి వంగి చూసింది.

"పెద్దాయనా, ఎనిమిది మందికి సిలిండర్ లేకుండానే వండుతున్నారా?"

సిలిండర్ తేవడం మరిచిపోయాను. అయిపోయింది, కొత్తది వస్తుందన్నాను. ఆమె బాల్కనీలోకి వెళ్లింది. ఒక చీర అంచు తిప్పి నాకు చూపించింది. దుకాణం చీటీ ఇంకా దానికే వేలాడుతోంది. నాలుగింటికీ ఉన్నాయి. మడతల గీతలు కూడా పోలేదు.

"ఇవి రోజూ కట్టేవేనా?"

జీవితంలో మొదటిసారి చీర ముందు నిలబడి అబద్ధం మానేశాను. మేడం, చెల్లె ఇక్కడ ఉండటం లేదు, ఆషాఢమని ఆగింది అని ఉన్నమాట చెప్పేశాను. ఆమెకు కోపం రాలేదు, అందుకే నాకు భయమేసింది. పొద్దున్నుంచీ కింద రెండు అంతస్తుల్లోనూ ఇదే నాటకం చూస్తున్నానండీ అంది. రెండోసారి కూడా ఉండటం లేదని రాస్తే ఇక తన చేతిలో ఏమీ ఉండదని చెప్పి, ట్యాబ్ మీద వేలు పెట్టింది.

అప్పుడు మెట్ల మీద గాజుల చప్పుడు వినబడింది. చెల్లె. తలంటుకున్న జుట్టు ఇంకా ఆరలేదు. ఒక చేతిలో కొత్త కుండ, ఇంకో చేతిలో వేపాకు. వెనక గుంటూరు ఆవిడ బియ్యం, బెల్లం, పాల ప్యాకెట్ల సంచీతో, ఆమె భర్త సిలిండర్ భుజాన పెట్టుకుని. ఆ రోజు పక్క ఊళ్లో పోచమ్మకు బోనాలు, కొత్త కుండలో అన్నం వండి అమ్మకు నైవేద్యం పట్టుకెళ్లే రోజు. ఆ మాట నాకు గుర్తే లేదు.

చెల్లె నా వైపు చూడలేదు. ఆఫీసరమ్మ ముందు నిలబడింది.

"నేను గీ ఇంట్ల ఉంటలేను మేడం. ఈ పొద్దటి నుంచి ఉంట. మీరు ఏం రాసుకుంటరో రాసుకోండ్రి."

గుంటూరు ఆవిడ ఆగలేక అడిగింది. "అక్కా, ఇక్కడ వండితే గృహప్రవేశం అయిపోదూ?"

"గృహప్రవేశం నాది గాదు. ముందుగాల అమ్మకు బోనం వండుత. అమ్మ ఒచ్చిన ఇంట్లకు నేను పోత. ఇది అమ్మ నెల. అమ్మకు ఆషాఢం ఏంది?"

బోనం బోనమే, గృహప్రవేశం గృహప్రవేశమే అని వేరు వేరు అరల్లో పెట్టుకుని ఇన్నేళ్లు బతికాం. రెండూ ఒకే నెలలో ఉన్నాయని తెలిసీ, ఎవరికీ ఆ రెండు అరలూ కలపాలనిపించలేదు.

ఆఫీసరమ్మ కాసేపు కుండనే చూసింది. తరువాత ట్యాబ్ చంకలో పెట్టుకుంది.

"పై అంతస్తులు చూసొస్తానమ్మా. నేను దిగేటప్పుడు పొయ్యి మీద ఏముంటే అదే రాస్తా."

ఇక చూడాలి. సిలిండర్ బిగించారు, పొయ్యి ముట్టింది. అగ్గిపుల్ల గీసింది చెల్లే, ఇంకెవరి చేతికీ ఇవ్వలేదు. కుండకు పసుపు రాశారు. నల్లా తిప్పితే నీళ్లు రాలేదు. పొద్దున వదిలే నీళ్లు అప్పటికే ఆగిపోయాయి. లిఫ్టు ఇంకా మొదలు కాలేదు. బిందె పట్టుకుని నేనే కిందికి పరుగెత్తాను, మూడు బిందెలు మోశాను. మూడు కాదు, ఒక్కటే. అందులో సగం మెట్ల మీదే పోయింది. ఆ మిగిలిన సగంతోనే బియ్యం కడిగి ఎసరు పెట్టారు. గుంటూరు ఆవిడ పాలు పోసింది. పోస్తూ పోస్తూ, మా పొయ్యి మీద కూడా ఒక గిన్నె పెట్టుకోవచ్చా అక్కా, అమ్మవారికే అంది. చెల్లె తలూపింది. ఆ మాట మెట్ల మీదుగా పైకీ కిందికీ పాకింది. తెచ్చిన పరుపులన్నీ గోడకు చేరేసి జనం బియ్యం కోసం పరుగెత్తారు. ఖాళీ టీవీ డబ్బా ఆయన ఆ డబ్బాలోనే కట్టెల పొయ్యికి ఇటుకలు మోసుకెళ్లాడు.

పై నుంచి చెప్పుల చప్పుడు దిగుతోంది. కుండలో అన్నం ఇంకా ఉడకలేదు. చెల్లె మూత తీసి చూసి బెల్లం వేసింది. చప్పుడు మలుపు తిరిగింది. నేను గుమ్మంలో అడ్డంగా నిలబడి ఆఫీసరమ్మను మాటల్లో పెడదామనుకున్నాను. చెల్లె నా చెయ్యి పట్టుకుని పక్కకు లాగేసింది.

ఆఫీసరమ్మ వంటగది గడపలోకి వచ్చేసరికి పాలు ఒక్కసారిగా లేచి, కుండ అంచు దాటి, పసుపు గీతల మీదుగా పొయ్యి మీద పడ్డాయి. ఎవరూ తుడవలేదు.

"ఎంతమంది ఉంటారమ్మా ఇక్కడ?"

"ఒక్కదాన్నే మేడం."

ఆఫీసరమ్మ రాసుకుంది. ఇంటి నంబరు కనబడేట్టు గుమ్మంలో నిలబెట్టి ఫోటో తీసింది. ఇక మిమ్మల్ని చూడటానికి రాను, ఉండండి అంది. ఆ వెంటనే ఎదురింట్లోకి వెళ్లింది, అక్కడా ఏదో పొంగుతున్న వాసన.

ఆ మధ్యాహ్నం మా బ్లాకు నుంచి పోచమ్మ గుడికి వెయ్యి బోనాలు వెళ్లాయని చెబుతుంటాను. పదో పన్నెండో. ముందు చెల్లె నడిచింది. మెట్లు దిగేటప్పుడు తల మీద కుండ, పైన దీపం, చేతులు రెండూ వదిలేసింది. ఆమె ఈ వయసులో అట్లా నడుస్తుందని నేను అనుకోలేదు.

సాయంత్రం ఆమెను మా ఇంటికి రమ్మన్నాను. రానంది. మిషను, పెట్టె ట్రాలీ ఆటోలో తెప్పించుకుంది. నేను చాప మీద నడుం వాల్చాను. ఇంతలో బాల్కనీలో చెల్లె గొంతు వినబడింది. రేకుల గదిలో ఉన్నన్నాళ్లూ ఓనరు వింటాడని దగ్గు వచ్చినా కొంగు అడ్డం పెట్టుకున్న మనిషి, రెయిలింగు పట్టుకుని పై అంతస్తుకేసి మెడ చాచి, బ్లాకంతా వినబడేట్టు అంటోంది.

"ఓ పైనమ్మా, జర బట్టలు పిండి ఆరెయ్యి. నీళ్లన్నీ మా ఇంట్ల పడుతున్నయ్."