చోరీ కాదు, జూరీ

ఆ రోజుల్లో నాకు అక్షరాలు రావు. అందుకే ఈ సంగతి ఇన్నేళ్లూ నోటితో చెప్పుకుంటూ వచ్చాను తప్ప రాయలేదు. చెప్పిన ప్రతిసారీ మా డ్రైవర్ భాయ్ మధ్యలో దూరి కథంతా తనవైపు తిప్పుకునేవాడు. యాభై దాటాక, చర్చిలో ఆదివారం బడి పిల్లల పక్కన కూర్చుని చదువు నేర్చుకున్నాను. ఇక అతని బాధ లేదు.

అప్పుడు గల్ఫ్‌లో, ఘుబ్రా అనే చోట ఒక తెలుగు మేడమ్‌గారింట్లో నా డ్యూటీ. ఆవిడ మనసుల చదువు చదివారు. అమెరికాలో కోర్టు కేసుల్ని పన్నెండుమంది మామూలు మనుషులు కూర్చుని తేలుస్తారట. ఆ జూరీ మనసు ఏ మాటకి ఎటు మొగ్గుతుందో కనిపెట్టి అక్కడి వకీళ్లకి చెప్పడం ఆవిడ ఉద్యోగం. (ఇదంతా తర్వాత తెలిసింది. అప్పటికి నా లెక్కలో ఆవిడ పొద్దస్తమానం కంప్యూటర్‌తో మాట్లాడే మనిషి, అంతే.) ఒకరోజు భాయ్‌తో హిందీలో ఏదో చెప్పి లోపలికి వెళ్లారు. కడపవాడైన భాయ్ వంటింటి గుమ్మంలోకి వచ్చి, "అక్కా, ఇంట్లో చోరీ అంట. సాయంత్రం మనిద్దర్నీ కూచోబెట్టి తేలుస్తాదంట" అన్నాడు. "ఏం పోయింది భాయ్?" అంటే, "అది చెప్పలా. నువ్వేమన్నా తీసింటే ఇప్పుడే పెట్టేయ్" అని సలహా కూడా ఇచ్చాడు. దొంగ అని పేరుపడితే వీసా రద్దుచేసి పంపించేస్తారు. ఊళ్లో మొహం ఎలా చూపించను? పెట్టెంతా మంచం మీద బోర్లించి వెతుక్కున్నాను. మేడమ్‌గారి పాత దువ్వెన ఒకటి దొరికింది. ఆవిడే ఇచ్చారు, అయినా కడిగి బాత్‌రూమ్‌లో పెట్టొచ్చాను.

సాయంత్రం ఇద్దర్నీ సోఫాలో కూర్చోబెట్టారు. ఒక దుకాణంలో నేల తుడిచారట, ఒకావిడ జారి తుంటి విరగ్గొట్టుకుందట, తప్పెవరిది? "నేను కాదండి" అన్నాను. "నువ్వు కాదమ్మా. నీకేమనిపిస్తోంది?" "భయమేస్తోందండి." అదీ రాసుకున్నారు. ఏం చెప్పినా రాసుకుని, "ఎందుకలా అనిపించింది?" అంటారు. ఎందుకనిపించిందో తెలిస్తే నేను ఇళ్లెందుకు తుడుస్తాను? చివరికి కాగితం జాపి పేరు రాయమన్నారు. రాదంటే వేలిముద్ర వెయ్యమన్నారు. ఏడుపొచ్చేసింది. "నేను దొంగతనం చెయ్యలేదండి. ఆ దువ్వెన కూడా పెట్టేశాను."

మేడమ్ భాయ్ వైపు తిరిగారు. "చోరీ అని ఎవరన్నారు? నేను జూరీ అన్నాను." భాయ్ తివాచీ మీద పువ్వులు చూడసాగాడు.

ఆవిడ నవ్వుకుని, అమెరికా కేసు ఒకటి మమ్మల్నే జూరీ అనుకుని తేల్చమంటూ మళ్లీ మొదట్నుంచీ చెప్పారు. నేల తడిగా ఉందని బోర్డు పెట్టాం కాబట్టి తప్పు మాది కాదు అని దుకాణంవాళ్ల వాదన. అప్పటికి నాకు భయం పోయి ఒళ్లు మండుతోంది. "బోర్డు పెడితే సరిపోద్దా అండి? చదువు రానోళ్లు జారి పడాల్సిందేనా?" అన్నాను. ఆవిడ కలం ఆగిపోయింది. ఆ మాట రెండుసార్లు చెప్పించుకుని రాసుకున్నారు. వేలిముద్ర ఊసే ఎత్తలేదు. "ఇంతకీ ఆ బోర్డు మీద ఏం రాస్తారండి?" అని అడిగితే, తెలుగులో అయితే ఇలా అంటూ కాగితం మీద రెండక్షరాలు రాసిచ్చారు.

మర్నాడు పొద్దున్న వాటిని చూసి అట్టముక్క మీద నేనూ రాశాను: తడి. (మూడో అక్షరం నేర్చుకోవడానికి మరో ఇరవయ్యేళ్లు పట్టింది లెండి.) హాలు తుడిచి, దాన్ని నేల మధ్యలో నిలబెట్టి, గొప్పగా పక్కన నిలుచున్నాను. ఉర్దూ తప్ప చదవడం రాని భాయ్ కారు తాళాల కోసం వచ్చి, "ఏం రాసినావక్కా?" అని అడుగుతూనే జారాడు.